గుమ్మడికాయ స్లైడు

ఇంతకంటే పెద్ద అవమానం ఇంకొకటి ఉండదని పెద్దక్క వాదన. ముప్పై రెండేళ్ళు తను పనిచేసిన ఆరోగ్య కేంద్రమే తనకు ఉత్తరం రాసి, పరీక్షకు రమ్మని పిలవడమేమిటి? ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివి, బల్ల మీద బోర్లించి పెట్టింది. ఎదురుగా కూర్చుని టీ తాగుతున్న వాళ్ళాయన దాన్ని మళ్ళీ తిరగేశాడు.

ఉత్తరంలో ఉన్నది చిన్న సంగతే. మీకు అరవై ఐదేళ్ళు నిండాయి కాబట్టి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ఇక మానేయవచ్చు. అయితే గత పదేళ్ళలో పరీక్ష చేయించుకున్నట్టూ, అది బాగున్నట్టూ రుజువుంటేనే మానేయాలి. మా రికార్డులో మీ పేరు మీద ఒక్క పరీక్ష కూడా కనబడటం లేదు. రుజువుంటే తీసుకురండి, లేకపోతే పరీక్షకు రండి. ఇంతే.

ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ప్రపంచంలో ఏ సంగతినైనా బస్సులో ఎక్కించి గానీ చూడలేడు. జీవితమంతా టిక్కెట్లు తనిఖీ చేసినావిణ్ణి పట్టుకుని నీ టిక్కెట్టేదమ్మా అని అడిగినట్టుందన్నాడు. అని నవ్వాడు. పెద్దక్క నవ్వలేదు.

ఆవిడ అసలు పేరు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. స్లైడ్ల గదిలో పనిచేసిన నలుగురాడవాళ్ళలో పెద్దది కాబట్టి పెద్దక్క అయింది, ఆ పేరే గది దాటి వీధిలోకీ ఇంట్లోకీ వచ్చేసింది. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళ కణాలు ఆవిడ మైక్రోస్కోపు కింద నుంచి వెళ్ళినవే. బస్సులో పక్కన ఎవరైనా కూర్చుంటే చాలు, పరీక్ష చేయించుకుని ఎన్నాళ్ళయిందని అడిగేది. మూడేళ్ళు దాటిందంటే అక్కడే, నిండు బస్సులో, దులిపేసేది. సిగ్గుపడి చచ్చేకన్నా సిగ్గుపడి బతకడం మేలు కదే అనేది. ఆవిణ్ణి దూరం నుంచి చూసి రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోయినవాళ్ళున్నారు. ఆవిడ తిట్లకు భయపడి వెళ్ళి పరీక్ష చేయించుకుని, బతికి, ఇప్పటికీ దణ్ణం పెట్టేవాళ్ళూ ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది. పరీక్షకు కాదు, రుజువు చూపించడానికి. తొమ్మిదేళ్ళ కిందటి తన స్లైడు అక్కడే, పాత చెక్క పెట్టెలో ఉంటుంది. బాగున్న స్లైడ్లు కూడా పదేళ్ళు దాచాలని ఆ కేంద్రం నియమం. అది చూపించి, కాగితం మీద సంతకం చేయించుకుని, ఇక ఈ జన్మకు ఆ గడప తొక్కకుండా వచ్చెయ్యాలని ఆవిడ ఆలోచన.

దారంతా స్లైడ్ల గదే గుర్తొచ్చింది. ఉత్తరం వైపు మూడు కిటికీలున్న పొడుగాటి గది. కిటికీల కింద నాలుగు బల్లలు, బల్లకో మైక్రోస్కోపు. మూలన రంగుల సీసాలు, నీలం, నారింజ, ఆకుపచ్చ. పొద్దున్నే పక్కగది నర్సమ్మ తీసిన స్లైడ్లను ఆ రంగుల్లో ముంచి ఆరబెట్టేవాళ్ళు. ఎంత తోమినా వేళ్ళకు నీలం పోయేది కాదు. పెద్దక్క పెళ్ళి ఫోటోలో కూడా కుడిచేతి బొటనవేలు నీలంగానే ఉంటుంది. గదిలో రేడియో పెట్టకూడదన్నారు కాబట్టి నలుగురూ నోళ్ళకు పని చెప్పేవాళ్ళు. కళ్ళు మైక్రోస్కోపు అద్దంలోనే ఉండేవి, కబుర్లు మాత్రం ఎక్కడెక్కడో తిరిగేవి. ఎవరి అత్త ఏమంది, ఎవరి మొగుడు ఏ కూర వండి మాడ్చాడు, ఏ పిల్ల ఎవరితో సినిమాకు వెళ్ళింది, అన్నీ. చిట్టి వచ్చాక పాటలు కూడా. చిట్టి ఆ గదిలోకి ఇరవై ఏళ్ళ వయసులో వచ్చింది, అందరికంటే చిన్నది. దానికి మైక్రోస్కోపు ముందు ఎలా కూర్చోవాలో, మెడ నొప్పి రాకుండా ఎత్తు ఎలా సరిచేసుకోవాలో, చెడ్డ కణం కనబడితే పక్కన సిరాచుక్క ఎలా పెట్టాలో పెద్దక్కే నేర్పింది. చిట్టి కూడా పెద్దక్క ఏం చెబితే అది చేసేది. పెద్దక్క బాక్సులో తెచ్చుకున్నదే మర్నాడు తనూ తెచ్చుకునేది.

ఇలా కబుర్లతో హోరెత్తే ఆ గదిలో అప్పుడప్పుడూ ఒకరి నోరు ఉన్నట్టుండి ఆగిపోయేది. వాక్యం సగంలో తెగిపోయేది. అంటే ఆ అద్దం కింద ఏదో చెడ్డది కనబడిందన్నమాట. మిగతా ముగ్గురూ తలెత్తకుండా, అడగకుండా, తామూ మాటలు ఆపేసేవాళ్ళు. ఎవరో ఒకావిడ ఆ సమయంలో ఇంట్లో బట్టలుతుక్కుంటూనో పిల్లలకు జడలేస్తూనో ఉంటుంది, ఆవిడకింకా తెలీదు, ఇక్కడ నలుగురికి తెలిసిపోయింది. కాసేపటికి సిరాసీసా మూత తీసిన చప్పుడు వినబడేది. ఆ తర్వాత ఎవరో ఒకరు దగ్గి, మళ్ళీ మాటలు మొదలుపెట్టేవాళ్ళు.

ఆ గదివాళ్ళకూ మూడేళ్ళకోసారి పరీక్ష తప్పదు. కానీ రోజూ పక్కన కూర్చునేవాళ్ళు మన పేరు చూసి మన స్లైడు చదవడమంటే ఎంత చదువుకున్నా సిగ్గే. అందుకని నలుగురూ కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. తమ స్లైడ్ల మీద పేర్లు రాసుకోకుండా కూరగాయల పేర్లు రాసుకునేవాళ్ళు. లావుగా ఉండే పెద్దక్క గుమ్మడికాయ. సన్నగా రివటలా ఉండే చిట్టి బెండకాయ. మిగతా ఇద్దరూ ముల్లంగి, టమాటా. చీటీలు వేసి ఎవరికొచ్చినది వాళ్ళు చదివేవాళ్ళు. ఎవరి స్లైడు వాళ్ళు మాత్రం చదవకూడదు, అది గట్టి నియమం. చివర సంతకం పెట్టే డాక్టరుగారు ఒకసారి ముల్లంగికి అంతా బాగుందని రాసి ఉన్న కాగితం చూసి, ఇది ఆసుపత్రా కూరల బజారా అని అడిగాడు. ఆ రోజు నలుగురూ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. అలా నవ్వి ఎన్నేళ్ళయిందో పెద్దక్క లెక్కపెట్టుకోలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పెయ్యాలి. పెట్టెలో ఉన్న ఆ గుమ్మడికాయ స్లైడు పెద్దక్కది కాదు.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టు, ఊరందరినీ తిట్టి పరీక్షకు పంపిన పెద్దక్క తను మాత్రం ఆ పరీక్ష మంచమెక్కి ఇరవై ఒక్కేళ్ళయింది. అప్పట్లో ఒక్కొక్కరికి రెండు స్లైడ్లు తీసేవాళ్ళు, ఒకటి పాడైనా రెండోది ఉంటుందని. తన వంతు వచ్చినప్పుడల్లా పెద్దక్క ఎవరిదో మిగిలిన రెండో స్లైడు తీసుకుని, పెన్సిల్‌తో రాసిన కూరగాయను తుడిచేసి, గుమ్మడికాయ అని రాసేది. నాలుగుసార్లు అలా చేసింది. చివరిసారి చిట్టి స్లైడు.

బద్ధకంతో కాదు. ఇరవై ఒక్కేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆవిడ ట్రేలోకి సొంత అక్క స్లైడు వచ్చింది. అక్కను పరీక్షకు రమ్మని నాలుగేళ్ళు పోరింది, అక్క నాలుగేళ్ళూ తర్వాత చూద్దాంలే అంది. వచ్చింది, నొప్పి మొదలయ్యాక. స్లైడు మీద అక్క పేరు చూసి పక్కవాళ్ళకు ఇచ్చెయ్యాల్సింది. ఇవ్వలేదు. చిట్టితో ఏదో అంటూ అద్దంలోకి చూసింది, ఆ మాట ఇప్పటికీ పూర్తి కాలేదు. డాక్టరుకంటే ముందు, బావకంటే ముందు, అక్కకంటే ముందు ఆవిడకు తెలిసింది. గది అంతా నిశ్శబ్దమైపోయింది. ఏడాదిన్నరకు అక్క పోయింది. ఆ తర్వాత మంచమెక్కుదామని నర్సమ్మ గది దాకా వెళ్ళిన ప్రతిసారీ, తన స్లైడు ఎవరి అద్దం కిందో ఉన్నట్టూ, ఆ మనిషి మాట సగంలో ఆగిపోయినట్టూ అనిపించేది. వెనక్కి తిరిగి వచ్చేసేది. చూడకపోతే లేనట్టే కదా అని తనకు తను చెప్పుకునేది. ఇదే మాట బస్సులో ఇంకెవరైనా అంటే వీపు విమానం మోత మోగించేది.

కేంద్రం గోడలకు కొత్త రంగు వేశారు. స్లైడ్ల గది తలుపు మీద ఇప్పుడు వేరే బోర్డు ఉంది. లోపల మూడు కిటికీలూ అలాగే ఉన్నాయి గానీ బల్లలు లేవు, కుర్చీలున్నాయి, కుర్చీల్లో ఆడవాళ్ళు తమ వంతు కోసం కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. పెద్దక్క తన బల్ల ఉన్నచోట నిలబడి కిటికీలోంచి చూసింది, బయట సైకిళ్ళ షెడ్డు మాత్రం మారలేదు.

ఇన్‌చార్జి ఎవరా అనుకుంటే ప్రశ్నల పిల్ల. పెద్దక్క రిటైరయ్యే ఏడాది శిక్షణకు వచ్చి మూడు నెలలు పక్కన కూర్చుని, ఇదెందుకు, అదెందుకు అని చంపుకుతిన్న పిల్ల. అందుకే ఆ పేరు. ఇప్పుడు ముప్పై దాటింది, మెడలో గుర్తింపు కార్డు, నెత్తిన కళ్ళజోడు. పెద్దక్కను చూసి లేచి నిలబడింది, కుర్చీ వేసింది, టీ చెప్పింది. ఆ మర్యాదకు పెద్దక్క కోపం సగం చల్లారింది.

పిల్ల కొత్త పద్ధతి అంతా చెప్పింది. ఇప్పుడు స్లైడుతో మొదలుపెట్టరు. ముప్పై నుంచి అరవై ఐదు దాకా ఐదేళ్ళకోసారి, ఈ జబ్బు తెచ్చే వైరస్ ఉందా లేదా అని యంత్రం చూస్తుంది. ఉంటేనే స్లైడు, ఉంటేనే డాక్టరు. అరవై ఐదు దాటినవాళ్ళకు పాత పరీక్షలు బాగున్నాయని రుజువుంటే సెలవు. రుజువు లేనివాళ్ళను మాత్రం వదలొద్దన్నారు, ఎందుకంటే ఈ మధ్య జబ్బు ముదిరిపోయి వస్తున్నవాళ్ళలో పెద్దవయసువాళ్ళే ఎక్కువమంది, ఎన్నడూ చేయించుకోనివాళ్ళో ఎప్పుడో మానేసినవాళ్ళో.

పెద్దక్క నింపాదిగా టీ తాగి, తన పరీక్ష ఎందుకు కనబడలేదో చెప్పింది. కూరగాయల కథ పిల్లకు తెలిసిందే. ఇద్దరూ కలిసి స్టోరు గదిలోకి వెళ్ళారు. చెక్క పెట్టెల మీద దుమ్ము దులిపి, ఆ ఏటి పెట్టె వెతికి తీశారు. టమాటా దొరికింది, ముల్లంగి దొరికింది, గుమ్మడికాయ దొరికింది. రిజిస్టరులో ఆ పేరుకు ఎదురుగా అంతా బాగుందని ఉంది, కింద చదివినవాళ్ళ పొట్టి సంతకం. పని అయిపోయిందని పెద్దక్క లేచింది. పిల్ల మాత్రం ఒక్క నిమిషం అంది. శిక్షణకు వాడే పాత మైక్రోస్కోపు ఒకటి ఆ గదిలోనే ఉంది. ఏదైనా చూడకుండా సంతకం పెట్టొద్దని మీరే నేర్పారు కదా అంటూ స్లైడు దాని కింద పెట్టింది.

పిల్ల అద్దంలోకి చూస్తూ కబుర్లు చెబుతోంది. స్లైడ్ల గది మూసేసిన రోజు మిగతావాళ్ళందరూ ఏడ్చారనీ, మీరు రాలేదేమిటనీ, రంగులు పారబోస్తుంటే సింకు అంతా నీలమైపోయి...

అక్కడ ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం పెద్దక్కకు బాగా తెలుసు. జీవితమంతా తప్పించుకు తిరిగింది దాని నుంచే. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అడగకముందే చేతిసంచి గుండెకు హత్తుకుని గట్టిగా పట్టుకుంది.

"పెద్దక్కా, అప్పటికి మీకెన్నేళ్ళు?" అంది పిల్ల, తల ఎత్తకుండానే.

"యాభై ఆరు."

"నెలసరి ఆగి?"

"ఆరేడేళ్ళు."

పిల్ల తలెత్తింది. కోపంగా లేదు, కొంచెం ఇబ్బందిగా ఉంది. "ఇవన్నీ నలభై ఏళ్ళ మనిషి కణాలు. వెడల్పుగా, గులాబీ రంగులో, మడతలు పడి. యాభై దాటి నెలసరి ఆగాక కణాలు చిన్నబడి గుండ్రంగా అయిపోతాయని, స్లైడు చూడగానే వయసు చెప్పగలగాలని నాకు మీరే నేర్పారు." మెల్లిగా అడిగింది. "అప్పట్లో మీరు హార్మోన్ మాత్రలేమైనా వేసుకునేవారా? అవి వేసుకుంటే ఇలా కనబడొచ్చు."

పిల్ల దారి చూపించింది. తెలిసి చూపించిందో తెలియక చూపించిందో గానీ, చక్కగా తలుపు తెరిచి పట్టుకుంది. అవునమ్మా, వేసుకునేదాన్ని, అంటే చాలు. సంతకం, సెలవు, ఈ జన్మకు ఇక ఉత్తరాలు రావు. పెద్దక్క నాలుక చివరన అబద్ధం సిద్ధంగా ఉంది. అవతలి గదిలో ఎవరి వంతో వచ్చినట్టుంది, కుర్చీ జరిగిన చప్పుడైంది. పిల్ల ఎదురుచూస్తోంది. ముఖంలో గౌరవం ఇంకా అలాగే ఉంది. ఆ గౌరవం చూసి పెద్దక్కకు ఏడుపొచ్చింది.

"లేదమ్మా. ఏ మాత్రలూ లేవు. అది నాది కాదు."

అంతా చెప్పేసింది. అక్క సంగతి, నాలుగు స్లైడ్ల సంగతి. చెబుతుంటే ముక్కు కారింది, చీర కొంగుతో తుడుచుకుంది. ప్రశ్నల పిల్ల ఎప్పుడూ లేనిది ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అంతా విన్నాక లేచి వెళ్ళి, చిన్న బ్రష్షులాంటి పుల్ల, ఒక గొట్టం తీసుకొచ్చి చేతిలో పెట్టింది. ఇప్పుడు మంచం ఎక్కక్కర్లేదంది. తెర వెనక్కి వెళ్ళి మీ అంతట మీరే తీసుకోవచ్చు, తిప్పి, గొట్టంలో పెట్టి, మూత బిగించి ఇస్తే చాలంది.

పెద్దక్క తెర వెనక రెండు నిమిషాలుంది. ఆ రెండు నిమిషాల పనికా ఇరవై ఒక్కేళ్ళు దొంగలా తిరిగానని తన మీద తనకే కోపం ముంచుకొచ్చింది. గొట్టం ఇస్తూ, ఆ స్లైడు చిట్టిదని చెప్పింది. అది కూడా పరీక్షలు చేయించుకుంటోంది కదా అని ఏదో మాటవరసకు అడిగింది. పిల్ల కంప్యూటరు వైపు చూసి, ఇంకొకరి సంగతి నేను చెప్పకూడదు అంది. ఆ వెంటనే, మీరే ఒకసారి ఆవిణ్ణి అడగండి పెద్దక్కా అంది. ఆ గొంతు పెద్దక్కకు నచ్చలేదు.

గది మూసేశాక చిట్టి కళ్ళజోళ్ళ దుకాణంలో చేరింది. కళ్ళు చెడగొట్టుకున్నవాళ్ళకి కళ్ళజోళ్ళు అమ్ముకోవడం, మనకిదే తగిన పని అని నవ్వేది. పెద్దక్క కేంద్రం నుంచి నేరుగా అక్కడికి వెళ్ళేసరికి గోడ నిండా ఫ్రేములు, వాటి మధ్య చిట్టి, నలభై తొమ్మిదేళ్ళొచ్చినా అదే రివట. పెద్దక్కను అద్దం ముందు కూర్చోబెట్టి, ఎరుపు ఫ్రేమొకటి ముఖానికి తగిలించి, పక్కనే నిలబడి చూసింది. ఇద్దరూ పాత రోజుల్లో పడ్డారు. నీలం వేళ్ళు, నర్సమ్మ గురక, ముల్లంగికి బాగుందని రాసిన కాగితం. చిట్టి అద్దంలోనే నవ్వుతూ, నాకు ఇప్పటికీ ఆ గది కలలోకొస్తుందంది, కలలో అందరం ఉంటాం గానీ స్లైడ్లుండవు, ఊరికే మాట్లాడుకుంటూ కూర్చుంటాం అంది. పెద్దక్క ఎరుపు కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. అక్కడే, ఆ నవ్వు మధ్యలోనే, చేసిన పని చెప్పింది.

చిట్టి ఆశ్చర్యపోలేదు.

"తెలుసు పెద్దక్కా."

"ఏం తెలుసు?"

"ఆ ఏడు గుమ్మడికాయ చీటీ నాకే వచ్చింది. స్లైడు చేతిలోకి తీసుకోగానే చూశాను. రబ్బరుతో తుడిచావు గానీ కిందున్న బెండకాయ పూర్తిగా పోలేదు." చిట్టి ఫ్రేములు సర్దుతూ మాట్లాడుతోంది. "నా స్లైడు నేనే చదివి, బాగుందని నీ పేరు మీద రాసి సంతకం పెట్టాను. అడుగుదామనుకున్నా. నిన్నెలా అడగను?"

రిజిస్టరులోని ఆ పొట్టి సంతకం ఎవరిదో పెద్దక్క పొద్దున్న చూసి కూడా పట్టించుకోలేదు. ఆఖరికి అడగాల్సింది అడిగింది. మరి నువ్వు ఆ తర్వాత చేయించుకున్నావా?

చిట్టి చేతులు ఆగాయి.

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"తొమ్మిదేళ్ళయింది. ఉత్తరాలు రెండొచ్చాయి, చించేశాను." చిట్టి సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు అంది. "మనలో అందరికంటే ఎక్కువ తెలిసినదానివి నువ్వు. అన్నేళ్ళు చూసి చూసి నువ్వే మానేశావంటే, అందులో ఏముందో తెలిసే మానేసి ఉంటావనుకున్నా. బయటివాళ్ళకు చెబుతాం గానీ మనకంత అవసరం లేదేమో అనుకున్నా."

దుకాణంలోకి ఎవరో వచ్చి ధర అడిగారు. చిట్టి చెప్పింది. వాళ్ళు వెళ్ళిపోయారు. పెద్దక్క అంతసేపూ అద్దంలో తన ముఖం చూసుకుంటూ కూర్చుంది. ఊరందరికీ నోటితో నేర్పిన పాఠం ఒకటి, పక్కన కూర్చున్నదానికి చేతలతో నేర్పింది ఇంకొకటి. ఊరు నోటి మాట విన్నది. చిట్టి చేసినది చూసి నమ్మింది. ఇరవై ఏళ్ళ వయసు నుంచి అది తన నోరు చూసి కాదు, తన చేతులు చూసే కదా పని నేర్చుకుంది.

ఆ సాయంత్రమే దుకాణం యజమానిని గంట సెలవడిగి, పెద్దక్కే చిట్టిని చెయ్యి పట్టుకుని కేంద్రానికి తీసుకెళ్ళింది.

రెండు వారాలకు ఫలితాలొచ్చాయి. పెద్దక్కకు వైరస్ లేదు. ఏడాది తర్వాత ఇంకొక్కసారి చేసి, అప్పుడూ లేకపోతే ఇక సెలవన్నారు. ఆయన సంబరపడి, చెకింగ్ ఆవిడ దగ్గర టిక్కెట్టు ఉందోచ్ అని వీధిలో నలుగురికీ చెప్పాడు. పెద్దక్క ఆ కాగితాన్ని మడిచి పప్పుల డబ్బా కింద పెట్టేసింది.

చిట్టికి ఉంది. ఆ తర్వాత స్లైడు, ఆ తర్వాత డాక్టరమ్మ దగ్గర చిన్న ముక్క తీయడం. అన్నిటికీ పెద్దక్క వెంట వెళ్ళింది. డాక్టరమ్మ తెరిచిన పుస్తకంలా ఉన్నదున్నట్టు చెప్పింది. ఇది క్యాన్సర్ కాదు. దాని ముందు మెట్టు, ఇక ఒక్క అడుగే ఉంది. మధ్యలో ఎప్పుడు వచ్చినా ఇంత దూరం వచ్చేది కాదు. ఇంకో రెండేళ్ళు ఆగుంటే నా చేతుల్లో ఉండేది కాదు. అరగంట పని, మత్తు సూది ఇచ్చి అంతవరకూ తీసేస్తాం, ఆ తర్వాత ఏటేటా తప్పకుండా రావాలి. చిట్టి అన్నిటికీ తలూపింది. పెద్దక్క డాక్టరమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. తప్పించుకు తిరిగినదానికి ఏమీ కాలేదు. నమ్మినదానికి అయింది. దేవుడనేవాడుంటే ఆ చీటీలు కూడా వాడే వేసి ఉండాలని, వాడికి సిగ్గు లేదని అనుకుంది. ఆ వెంటనే, సిగ్గు లేనిది వాడికా తనకా అనిపించింది.

చికిత్స రోజున చిట్టి బయటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. ముఖం పాలిపోయింది గానీ నడవగలిగింది. బెంచీ మీద ఇద్దరూ కాసేపు కూర్చున్నారు. పెద్దక్క నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది. చిట్టి తాగి, సీసా తిరిగి ఇచ్చి, ఎదురు గోడ చూస్తూ అంది.

"నీ మీద కోపంగా ఉంది పెద్దక్కా."

"ఉండాలి."

"చాలా ఉంది."

"తెలుసు. తిట్టు."

"ఇంటికెళ్ళాక తిడతా. ఇప్పుడు ఓపిక లేదు."

పెద్దక్క రిక్షా పిలిచి, చిట్టిని ఇంటికి తీసుకెళ్ళింది. పక్క పరిచింది, కిటికీ తెర వేసింది, మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. మొత్తం ఎన్ని తిట్లుంటే అన్నీ పడటానికి సిద్ధపడే కూర్చుంది. చిట్టి ఒకటి రెండుసార్లు నోరు తెరిచింది, ఏదో అందామనుకుంది, కళ్ళు మూతలు పడిపోయాయి. తిట్టకుండానే నిద్రపోయింది. పెద్దక్కను ఇంటికి రమ్మని ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. ఇంకా పని కాలేదని చెప్పి ఆవిడ అక్కడే కూర్చుంది.